బడి వరండాలో టీకాలు వేసిన ఏఎన్‌ఎం అక్కకు, ఆశా అక్కకు, మాస్టారికి కృతజ్ఞతలు

నిన్న మా చిన్నమ్మాయికి కరోనా టీకా కోర్బెవాక్స్ రెండో డోసు పడింది. ఒంటిపూట బడి ముగించుకుని వచ్చి, చెయ్యి చూపించి, "అమ్మా, ఇక అయిపోయింది" అంది. అప్పటి నుంచి ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఊరి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తొమ్మిది కిలోమీటర్లు. జనవరి నుంచి మాకు మిరప కోతలు. పిల్లలను తీసుకుని అక్కడికి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే, పైన ఆటో ఖర్చు. ఇద్దరు పిల్లలకు రెండేసి డోసులంటే నాలుగు రోజులు. కోతలయ్యాక చూద్దాంలే అనుకున్న తల్లులు మా వీధిలో చాలామందే ఉన్నారు, వారిలో నేనూ ఉన్నాను.

2022 జనవరి 3న 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు టీకాలు మొదలైతే, ఆ వారంలోనే మా హైస్కూలుకు టీకా పెట్టె వచ్చింది. పదో తరగతి చదివే మా అబ్బాయికి అక్కడే కోవాగ్జిన్ వేశారు. ఆధార్ తేని పిల్లల పేర్లను బడి గుర్తింపు కార్డు చూసి మాస్టారే నమోదు చేశారు. ఇంజక్షన్ అయ్యాక అరగంట సేపు పిల్లల పక్కనే కూర్చున్నారు.

మార్చిలో 12 ఏళ్లు నిండిన వారి వంతు వచ్చింది. కోర్బెవాక్స్ ఒక్కో సీసాలో ఇరవై మందికి సరిపడా మందు ఉంటుంది, తెరిచాక మిగిలింది పారబోయాల్సిందే. ఆ పూట వరండాలో ఉన్నది పదిహేడు మంది. ఏఎన్‌ఎం అక్క సీసా తెరవకుండా ఆగారు. ఆశా అక్క ఎండలో నడిచి చేల దాకా వెళ్లారు. బడి మానేసి కోతలకు వస్తున్న ముగ్గురు పిల్లలను, వాళ్ల అమ్మలకు నచ్చజెప్పి, వెంటబెట్టుకుని వచ్చారు. చేతులకు మిరప ఘాటు అంటుకుని ఉంటే కుళాయి దగ్గర సబ్బుతో కడిగించి మరీ వరసలో నిలబెట్టారు. బడి వదిలేసిన ఆ పిల్లలను ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? మీరు తీసుకున్నారు.

ఇంకొకటి చెప్పాలి. మా అమ్మాయి పాత టీకా కార్డు తిరగేసి, "పదేళ్లకు వేసే టీడీ పడలేదమ్మా" అన్నది ఏఎన్‌ఎం అక్కే. ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) రాకుండా వేసే టీకా అది. 2020లో బళ్లు మూతపడ్డాయి, కరోనా భయంలో ఆ సంగతే మరిచిపోయాం. ఆ జబ్బులు కరోనా అయ్యేదాకా ఆగుతాయా? అలా తప్పిపోయిన పిల్లల పేర్లన్నీ పుస్తకంలో రాసుకుని వెళ్లి, మరో రోజు ప్రత్యేకంగా వచ్చి అందరికీ వేశారు. కార్డులో ఖాళీగా ఉన్న ఆ గడిలో తేదీ పడింది.

ముగ్గురికీ పేరుపేరునా నా నమస్కారాలు. మా అబ్బాయికి ఈ ఏడాదే పదహారు నిండుతాయి, వాడికీ టీడీ వేయించాలి. మీరు మళ్లీ ఎప్పుడు వస్తారో ఒక్క కబురు చేయండి. ఈసారి చేల దగ్గరికి వెళ్లి పిల్లలను తీసుకొచ్చే పని నాకు అప్పగించండి.