స్పాన్ బలం తల్లి చేప దగ్గరే తేలుతుంది

సంపాదకులకు నమస్కారం.

చేపల హేచరీలో స్పాన్ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) దెబ్బతిన్నప్పుడల్లా నీటినో, ఎండనో, తల్లి గుడ్లు పెట్టేందుకు చేసే ఇంజెక్షన్ మందునో తప్పుపడుతుంటారు. వాటి వల్లా నష్టం జరుగుతుంది, కాదనం. కానీ స్పాన్ బలం ఎంతన్నది గుడ్డు నీళ్లలో పడేసరికే చాలావరకు నిర్ణయమైపోయి ఉంటుంది. తల్లి చేప గురించి కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

శీలావతికి, బొచ్చెకు చుట్టమైన జీబ్రాచేపలో ఈ సంగతి గంటల లెక్కన తేల్చారు. 28.5 డిగ్రీల వేడిలో ఫలదీకరణ జరిగిన ముప్పావు గంటకు పిండం రెండు కణాలవుతుంది. తర్వాత దాదాపు పావుగంటకోసారి రెట్టింపవుతూ మూడు గంటలకు వెయ్యి కణాలకు చేరుతుంది. అప్పటిదాకా పిండం సొంత జన్యువులు దాదాపుగా పనిలోకి దిగవు. తల్లి గుడ్డులో దాచిన, ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే ఆర్‌ఎన్‌ఏలు, ప్రోటీన్లే అంతా నడిపిస్తాయి. వీపు ఎటు రావాలన్నదీ తల్లి పెట్టిన గుర్తే. పిండం జన్యువులను మేల్కొలిపే నానోగ్ ప్రోటీన్ కూడా తల్లి ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏ నుంచే తయారవుతుంది.

అందుకే గంటకే లెక్కగట్టే ఫలదీకరణ శాతాన్ని నమ్మవద్దు. ఫలదీకరణ కాని గుడ్డు కూడా నీరు పీల్చి ఉబ్బుతుంది. సొంత జన్యువులు అసలు మేల్కొనని పిండం కూడా తల్లి సరుకుతోనే వెయ్యి కణాలు దాటి వెళ్లి, రూపు కట్టకముందే ఆగిపోతుంది. కణాల పొర పచ్చసొనను పూర్తిగా కప్పాక, గుడ్లు పొదిగే పూల్‌లో నాలుగైదు చోట్ల నుంచి వంద గుడ్లు గాజు పళ్లెంలోకి తీసి భూతద్దంతో చూడండి. పాలలా తెల్లబడ్డవి చచ్చినవి. తేటగా ఉండి లోపల పిండం రూపు కనబడేవే లెక్కలోకి వస్తాయి.

ఇక మేత. పచ్చసొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ తల్లి కాలేయంలో తయారై, రక్తం ద్వారా గుడ్డులోకి చేరుతుంది. దీనికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో నూనె తీసిన తవుడు, పత్తి చెక్కతోనే సరిపెడితే గుడ్లు రావచ్చు, కానీ వాటిలో సత్తువ ఉండదు. ఈ చేపలు విటమిన్ సి సొంతంగా తయారు చేసుకోలేవు. తల్లి మేతలో అది తగ్గితే గుడ్డులోనూ తగ్గుతుంది, ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ సరిగా కట్టక పిల్లల వెన్ను వంకరపోతుంది. మామూలు విటమిన్ సి వేడికి, నిల్వకు పాడవుతుంది కాబట్టి పాడవని రకమే కలపాలి. గుడ్డులోని కొవ్వు చెడకుండా కాపాడేది విటమిన్ ఇ. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ (సీఫా) తల్లి చేపల కోసమే సీఫాబ్రూడ్ అనే మేతను రూపొందించింది.

ఇంజెక్షన్‌కు ముందు పది గుడ్లు సన్నని గొట్టంతో తీసి చూడటం పెద్ద పనేమీ కాదు. ఆల్కహాల్ ఆరు పాళ్లు, ఫార్మలిన్ మూడు, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు కలిపిన ద్రావణంలో వేస్తే కొన్ని నిమిషాల్లో గుడ్డు తేటబడి కేంద్రకం కనిపిస్తుంది. అది నడుమ నుంచి అంచుకు జరిగి ఉంటే తల్లి సిద్ధమైనట్టు. నడుమనే ఉంటే ఆగాలి, డోసు పెంచి లాభం లేదు. తల్లి పొట్ట నొక్కి గుడ్లు పిండి తీసే పద్ధతిలో మరో ప్రమాదముంది. గుడ్లు విడుదలయ్యాక తల్లి కడుపులోనే ఉండిపోతే, మన వేడికి ఒకటి రెండు గంటల్లోనే వాటి నాణ్యత జారిపోతుంది. వంకర తోకలు, పొదగకుండా పోయే గుడ్లు పెరుగుతాయి.

అన్నిటికన్నా బాధ కలిగించేది, గిరాకీ ఉందని అదే తల్లికి వెంటవెంటనే ఇంజెక్షన్ చేయడం. మళ్లీ పచ్చసొన నిండాలంటే మంచి మేతతో కనీసం 45 నుంచి 60 రోజులు కావాలి.

స్పాన్ బిల్లు మీద మూడు సంగతులు రాయించేలా మత్స్యశాఖ చూడాలని కోరుతున్నాం: తల్లికి ఈ సీజన్‌లో ఇది ఎన్నో ఇంజెక్షన్, అంతకుముందు మూడు నెలలు ఏం మేత పెట్టారు, ఫలదీకరణ శాతాన్ని ఏ దశలో లెక్కగట్టారు.

— మత్స్య విత్తనోత్పత్తి సాంకేతిక నిపుణులు, కైకలూరు