టైరు మీద రాసినంత కొట్టకు రా

హన్మకొండ

అరేయ్ శీను,

సైకిల్ ఎగురుతుంది, నడుము పట్టేస్తుంది అని రాసినవ్. సైకిల్‌ను తిట్టకు. టైరు పక్కకు 120 అని ఉన్నదని గాలి గంతా కొట్టిస్తున్నవ్ గదా, లొల్లి అక్కడ్నే ఉన్నది. ఆ నంబరు దాటొద్దని కంపెనోడు పెట్టిన హద్దు. గంత కొట్టాలని కాదు.

గాలి గట్టిగుంటె సైకిల్ ఉరుకుతదని అందరి నమ్మకం. నున్నటి రోడ్డు మీద కొంత నిజమే. కంకర తేలిన కాడ మాత్రం టైరు ఎగిరెగిరి పడ్తది, నువ్వు తొక్కిన బలమంతా నిన్ను ఊపుడుకే ఖర్చయితది.

నీ బరువు 75 కిలోలు, టైరు వెడల్పు 28 ఎంఎం, లోపల ట్యూబు అనుకుంటె ముందు 68, వెనక 73 పీఎస్‌ఐతోని (గాలి ఒత్తిడి కొలత) మొదలువెట్టు. 25 టైరైతె 78, 84. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడ్తది, అందుకే ఆ తేడా. బరువు ఐదు కిలోలు పెరిగితె మూడు నాలుగు పీఎస్‌ఐ పెంచాలె. నువ్వు చెప్పే బరువు పెండ్లికి ముందుది కాదు గదా?

తర్వాత రోజూ పోయే తొవ్వల్నే మూడేసి తగ్గించుకుంట చూడు. మలుపుల సైకిల్ జారుతున్నట్టు, మెత్తగ ఊగుతున్నట్టు అనిపిస్తె తిరిగి మూడు పెంచు. గుంతల రిమ్ము టక్కుమని తగిలిందంటె బాగా తగ్గినట్టే. అట్ల పంచరైతె ట్యూబుకు పక్కపక్కన రెండు చీలికలు పడ్తయి, పాము కాటు లెక్క. ముల్లు గుచ్చుకుంటె ఒక్కటే బొక్క. వాన పడ్డ రోజు ఇంకో ఐదు తగ్గియ్యి.

మీటరున్న నిలువు పంపు ఒకటి కొనుక్కో. బండ్ల కాడి గాలిమిషిన్ మన సన్న వాల్వుకు పట్టది, ఇత్తడి అడాప్టర్ కావాలె. పైగ గంత చిన్న టైరుల కన్నుమూసి తెరిచేలోపు గాలి నిండి హద్దు దాటుతది. వాల్వు కొన మీది చిన్న నట్టు విప్పి, ఒకసారి టిస్సుమని నొక్కి, అప్పుడు పంపు తగిలియ్యి. తగిలియ్యంగనే మీటరు సున్న చూపిస్తె గాబరా పడకు, రెండు దెబ్బలు కొడితెనే వాల్వు తెరుచుకొని అసలు లెక్క కనవడ్తది. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సు గొట్టంల గాలిది, టైరుది కాదు. అది చూసి మళ్ళ మళ్ళ తగిలించి కొట్టేటోళ్ళున్నరు!

మామూలు ట్యూబు గాలి రోజూ ఇంత దిగుతనే ఉంటది, వారానికి రెండుసార్లన్న చూడాలె. మన ఎండలకు ఇంకోటి యాదికుంచుకో: పొద్దున 28 డిగ్రీలల్ల 75 కొట్టిన టైరు ఎండల నిలబెడితె 58 డిగ్రీలకు ఎక్కిందనుకో, లోపల దాదాపు 84 అయితది. 120 కొట్టి ఎండల పెడితె ఏమైతదో నువ్వే చూస్కో.

రామప్పకు పోతానంటున్నవ్ గదా, ఆ దూరానికి 28 టైరే మేలు. కాని ముందుగాల రిమ్ము అంచు చూడు. లోపలికి కొక్కెం లెక్క మలిచి లేకుంటె అది హుక్‌లెస్, ఐదు బార్ అంటె 72 పీఎస్‌ఐ దాటొద్దు. వెనక నేను చెప్పిన 73 కూడ ఎక్కువే. ఫొటో తీసి పంపు, చూసి చెప్త.

ఉంట మరి,
రాజు