జెయ్తున్ కొండ మీది నెనెకు

ఫిబ్రవరిలో మా అమ్మాయికి బాగోలేదని తెలిసి ఫోన్లు చేసినవాళ్లకీ, మెసేజ్‌లు పెట్టినవాళ్లకీ ఒక్కరికి కూడా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఏమీ అనుకోవద్దు. పిల్ల ఇప్పుడు బాగుంది, క్లాసులకు వెళ్తోంది, మళ్లీ నాతో పోట్లాడుతోంది కూడా. మీ అందరికీ దండాలు. అయితే ఈ పోస్టు ముఖ్యంగా ఒక ముసలమ్మ గురించి. ఆవిడకు తెలుగు రాదు, ఫేస్‌బుక్ లేదు. అయినా నలుగురిలో చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అమ్మాయి ఆర్మేనియాలో, యెరెవాన్‌లో మెడిసిన్ మూడో ఏడు. జెయ్తున్ అనే పేటలో, కొండవాలు మీద ఒక పాత ఇంటి పైవాటా తీసుకుని మరో ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఆ రోజు మనకు రాత్రి రెండున్నర, వాళ్లకు ఒంటిగంట. ఫోను. "నాన్నా, కడుపునొప్పి, తట్టుకోలేకపోతున్నా." పక్కన ఎవరున్నారమ్మా అన్నాను. "నెనె" అంది. నువ్వున్నావు సరే, పక్కన ఎవరు? "నెనె నాన్నా, నెనె!" నొప్పికి పిల్ల మతి తప్పి మాట్లాడుతోందనుకుని నా కాళ్లు ఆడలేదు. నెనె అంటే వాళ్ల భాషలో నాయనమ్మ అని నాకు తెల్లారాక తెలిసింది. ఇంటావిడ. (యెరెవాన్‌లో మామూలుగా తాతిక్ అంటారట. తాతిక్ అంటే తాత కాదు, బామ్మే. ఈవిడ మాత్రం ఆ పిలుపు ఒప్పుకోదు. ఎందుకో తర్వాత చెప్తాను.)

అపెండిక్స్ పగిలింది. వీధంతా గడ్డకట్టిన మంచు, నిటారు దిగుడు. నెనె కింది వాటాలో ఉండే డ్రైవరును లేపింది. అతను టైర్లకు గొలుసులు కట్టి, పిల్లను దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి చేర్చాడు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే కష్టమయ్యేదని సర్జన్ తర్వాత నాతో అన్నాడు. నా పాస్‌పోర్టు గడువు అయిపోయి ఉంది, తప్పు నాదే. తత్కాల్‌లో తీసుకుని, వీసా పెట్టుకుని అక్కడ దిగేసరికి ఆరో రోజు. ఆ ఆరు రోజులూ డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషి ఆసుపత్రి కుర్చీలో కూర్చుంది. వరంగల్, నరసరావుపేట, తెనాలి పిల్లలు వంతులవారీగా వచ్చి ఇంటికి వెళ్లమంటే, వాళ్లకే తిండి పెట్టి పంపించేసిందట. ఆ పిల్లలకూ, వాళ్లను కన్నవాళ్లకూ నా కృతజ్ఞతలు.

నేను వెళ్లేటప్పటికి అమ్మాయి తల నిమురుతూ ఏదో గొణుగుతోంది. "త్సవత్ తానెమ్" అని అక్కడ మాటకు ముందొకసారి, వెనకొకసారి అంటారు. నీ నొప్పి నేను పట్టుకుపోతాను అని అర్థం. మా అమ్మ బతికుంటే మెటికలు విరిచి ఇదే అనేది.

ఆసుపత్రి నుంచి వచ్చాక మూడు వారాలు ఆ ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయి మధ్యలో ఉండి తర్జుమా చేస్తుంటే నెనె కథ కొంచెం కొంచెంగా తెలిసింది. ఆవిడ పుట్టింది సిరియాలో, అలెప్పోలో. అమ్మమ్మవాళ్లది మరాష్, ఇప్పుడది తుర్కీలో ఉంది. 1915లో ఒట్టోమాన్ ప్రభుత్వం, అంటే అప్పటి తుర్కీ సామ్రాజ్యం, ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి ఎడారి దారి పట్టించినప్పుడు వాళ్లూ వెళ్లాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బతికినవాళ్లు ఇంటికి తిరిగొచ్చారు. 1920 ఫిబ్రవరిలో అక్కడున్న ఫ్రెంచి సైన్యం రాత్రికి రాత్రి మరాష్ వదిలిపోతుంటే, వేలమంది మంచుతుఫానులో దాని వెంట నడిచారు. చాలామంది దారిలోనే గడ్డకట్టుకుపోయారు. నెనె వాళ్లమ్మకు అప్పుడు ఆరేళ్లు. తల్లి చేయి జారిపోతే ఎవరో దారినపోయే మనిషి భుజాన వేసుకుని మోశాడు. ఎవరో తెలియదు. "ఫిబ్రవరిలో, మంచులో, చిన్నపిల్ల" అని మూడు మాటలు అని ఊరుకుంది నెనె. ఆ కుర్చీలోంచి ఎందుకు లేవలేదని నేనింక అడగలేదు.

2012లో అలెప్పో మీద బాంబులు పడటం మొదలయ్యాక కొడుకుతో కలిసి యెరెవాన్ వచ్చేసింది. జీవితమంతా ఇది మన దేశం అని పటం చూసి, పాటలు పాడి పెరిగిన మనిషి అరవై దాటాక మొదటిసారి ఆ నేల మీద కాలు పెడితే ఏమైంది? కూరగాయల కొట్లో "పరెవ్" అంటే కొట్టతను నవ్వి "బరెవ్" అన్నాడు. రెండూ నమస్కారమే. ఈవిడది పశ్చిమ ఆర్మేనియన్, వాళ్లది తూర్పు. వీళ్ల ప వాళ్లకు బ, వీళ్ల త వాళ్లకు ద. పశ్చిమ ఆర్మేనియన్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది యునెస్కో. తాతిక్ అంటే ఒప్పుకోకపోవడం అందుకే, అది యెరెవాన్ మాట. పైగా వీధిలో బోర్డులన్నిటికీ వంకలు పెడుతుంది. 1922లో సోవియట్లు స్పెల్లింగు మార్చేశారు, బయటి దేశాల్లో ఉన్నవాళ్లు పాత పద్ధతే పట్టుకున్నారు. బండి ఱ పోయిందని మా తెలుగు మాస్టారు బాధపడేవారు. అది ఒక్క అక్షరం. ఈవిడకు మందుల షాపు బోర్డు దగ్గర్నుంచి అన్నీ అచ్చుతప్పులే.

జెయ్తున్ కూడా పోగొట్టుకున్న ఊరి పేరేనట, మరాష్ పక్క కొండల్లోది. యెరెవాన్‌లో నోర్ అరబ్కిర్, నోర్ మలాతియా, నోర్ సెబాస్తియా అని పేటలున్నాయి. నోర్ అంటే కొత్త. అది విన్నాక నేను నోరు జారాను. మా ఊరి పేరు ముందు కూడా కొత్త అని ఉంటుంది, పాతది శ్రీశైలం డ్యాం నీళ్ల కింద ఉంది, 1981లో ఖాళీ చేయించారు, నాకప్పుడు పదకొండేళ్లు అన్నాను. చెప్పగానే సిగ్గేసింది. మమ్మల్నెవరూ చంపలేదు, ఎడారికి తోలలేదు. చాలీచాలని నష్టపరిహారమైనా ఇచ్చారు. అదీ ఇదీ ఒకటి కాదు. నెనె మాత్రం ఒకటే అడిగింది: "నీళ్లు తగ్గితే కనపడుతుందా?" ఎండాకాలం గోడలు బయటపడతాయి, వెళ్లి చూసొస్తాం అన్నాను. "అదృష్టవంతులు" అంది. ఆవిడ కిటికీలోంచి, ఆర్మేనియన్లు తమదనుకునే అరరాత్ కొండ నిండుగా కనపడుతుంది. కొండ తుర్కీలో ఉంది, సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది.

డ్రైవరు సంగతి చెప్పాలి. అతనిది కరబాఖ్, అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు ఉండిన కొండప్రాంతం. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం దాడి చేశాక అక్కడినుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు వారం రోజుల్లో కొండదారిన బయటికి వచ్చేశారు. రెండు మూడు గంటల ప్రయాణం వాళ్లకు ఒకటిన్నర రోజు పట్టిందట. అద్దె అడగకుండా కింది వాటా ఇచ్చింది నెనె. అతని భార్య రకరకాల ఆకుకూరలు సన్నగా తరిగి లోపల పెట్టి రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఝెంగ్యాలోవ్ హాత్స్ అంటారు. నేను డబ్బులివ్వబోతే అతను కారు దిగి వెళ్లిపోయాడు. రొట్టెలు కొన్నాను, రోజూ కొన్నాను, ఇంకేం చేయగలను?

నెనె దగ్గరా అదే తంతు. వాళ్ల భాషలో కృతజ్ఞత అనే మాట "ష్నోర్హకలుత్యున్". రెండు రోజులు బట్టీపట్టి అప్పజెప్పాను. పగలబడి నవ్వింది. అంత మాట ఎవరూ వాడరట, యెరెవాన్‌లో అందరూ "మెర్సి" అంటారట. కవరు మాత్రం తోసేసింది. బదులుగా ఒక పని చెప్పింది. మద్రాసు మీకు దగ్గరేనా?

వాళ్ల బడిపిల్లలందరికీ మద్రాసు తెలుసు, నాకే తెలియదు. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక, అజ్దరార్, 1794లో అచ్చయింది అక్కడే. నడిపింది షిరాజ్ నుంచి వచ్చిన హరుత్యున్ ష్మవోన్యాన్ అనే మతగురువు. దేశమే లేని రోజుల్లో స్వతంత్ర ఆర్మేనియాకు రాజ్యాంగం రాసుకున్నదీ మద్రాసు వర్తకులే. సైదాపేటలో అడయారు మీద 1726లో వంతెన కట్టించిన పెత్రోస్ ఉస్కాన్, తను పోయాక గుండెను మాత్రం ఇరాన్‌లోని జుల్ఫాకు పంపమన్నాడట. ఆ జుల్ఫా కూడా ఇరాన్ రాజు షా అబ్బాస్ తరలించిన ఆర్మేనియన్ జనం పాత ఊరి పేరు పెట్టుకున్న కొత్త ఊరే.

ష్మవోన్యాన్ సమాధి చూసి ఫోటో పంపమంది నెనె. మే నెలలో వెళ్లాను. జార్జిటౌన్‌లో, అర్మేనియన్ వీధిలో, 1772 నాటి చర్చి. బయట హారన్ల మోత, లోపల చెట్ల నీడ, నేలంతా సమాధి రాళ్లు. మామూలు రోజుల్లో ప్రార్థనలు జరగవు. చూసుకునే మనిషి తలుపు తీసి పక్కన నిలబడ్డాడు. ఒక అక్షరమూ తెలియకుండా గంటసేపు ప్రతి రాయినీ ఫోటో తీశాను, 1824లో పోయిన ఆ పెద్దాయనది మాత్రం నాలుగు వైపులా.

సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాళ్లన్నీ చదివింది, పది నిమిషాలు. చివర్లో గొంతు పెంచి ఏదో అంది. అమ్మాయిని అడిగాను.

"ఇక్కడి బోర్డులన్నీ తప్పులేనట నాన్నా. మద్రాసులో సరిగ్గా రాశారని మీ నాన్నకు చెప్పు అంటోంది."