ఆదివారం ఎగరేసే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, జవాబు రాయలేదు, ఏమీ అనుకోకురా. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసులో నా సెక్షన్ మారింది, మిగతా కబుర్లు ఇంకోసారి. ముందు ఈ సంగతి నీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మన డ్రోన్ గున్నయ్య ఇన్నాళ్లూ ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే కాపాడే ఏర్పాటు, లేకుండానే ఎగిరాడురా!

వాణ్ని నడిపే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్‌లో రేడియో ఫెయిల్‌సేఫ్ ఎనేబుల్ చేసింది నువ్వే, పక్కన కూర్చుని చూసింది నేను. సిగ్నల్ పోతే వాడే ఇంటికొచ్చేస్తాడని ఇద్దరం ధీమాగా ఉన్నాం. మొన్న రాత్రి ఎందుకో ఒకసారి పరీక్షించాలనిపించింది. ప్రొపెల్లర్లు నాలుగూ విప్పేసి, వాణ్ని టేబుల్ మీద పెట్టి, కంప్యూటర్లో దాని సెట్టింగులు చూసే మిషన్ ప్లానర్‌లో రేడియో కాలిబ్రేషన్ పేజీ తెరిచాను. మోటార్ల జోరు పెంచే థ్రాటిల్ స్టిక్ సగానికి ఎత్తాను. తెర మీది పట్టీలో థ్రాటిల్ అంకె 1520. ట్రాన్స్‌మిటర్, అదే చేతిలోని రిమోట్, ఆపేశాను. అప్పుడూ 1520! నిమిషం పాటు కళ్లార్పకుండా చూశాను, అంకె కదల్లేదు. నా చేతిలో ట్రాన్స్‌మిటర్ ఆరిపోయి ఉంది, తెర మీద మాత్రం ఎవరో స్టిక్ పట్టుకునే ఉన్నారు. ఒళ్లు జలదరించిందిరా.

సిగ్నల్ తెగినా, డ్రోన్ మీద ఆ సిగ్నల్ అందుకునే మన రిసీవర్ చివరిసారి అందిన విలువలనే అలా పంపుతూ కూర్చుంటోంది. థ్రాటిల్ 975 కంటే కిందికి పడితేనో, రిసీవర్ నుంచి అసలేమీ రాకపోతేనో ఆటోపైలట్ సిగ్నల్ పోయిందనుకుంటుంది. నిక్షేపంగా 1520 వస్తుంటే దానికెలా తెలుస్తుంది?

చెరువు దగ్గర ఆ సాయంత్రం గుర్తుందా? 'పెళ్లికొడుకు దారి తప్పాడు' అన్నావు. రెండు మూడు సెకన్లు మన మాట వినకుండా ముందుకే పోయాడు. గాలి అనుకున్నాం. ఇప్పుడనిపిస్తోంది, అది గాలి కాదేమో... అవతలి గట్టున ఆ పిల్లలు... వద్దులే, తలచుకుంటేనే గుండె దడగా ఉంది.

సరే, ఏం చేశానో విను. రిసీవర్‌లోనే సెట్టింగ్ మార్చాను, సిగ్నల్ పోతే థ్రాటిల్ అట్టడుగుకి పడిపోయేలా. ఇప్పుడు స్టిక్ పూర్తిగా దించితే 1104, ట్రాన్స్‌మిటర్ ఆపితే 905. 975 రెండింటికీ మధ్యలో ఉంది. అటూ ఇటూ కనీసం 10 తేడా ఉండాలి, మనకి కావలసినంత ఉంది.

అక్కడితో ఆగలేదు. రెక్కలు లేకుండానే, మనం చేత్తో నడిపే స్టెబిలైజ్ మోడ్‌లో ఆర్మ్ చేసి (మోటార్లు తిరిగేలా చేసి), థ్రాటిల్ కొంచెం ఎత్తి, ట్రాన్స్‌మిటర్ ఆపాను. మోడ్ 'ల్యాండ్'కి మారింది! ఇంటికి రావాల్సినవాడు దిగుతానంటాడేంటని టెన్షన్ పడ్డాను. తర్వాత వెలిగింది, గదిలో జీపీఎస్ లేదు కదా, తానెక్కడున్నాడో తెలియనప్పుడు ఉన్నచోటే దిగడం తప్ప వాడు మాత్రం ఏం చేస్తాడు! డాబా మీదికి తీసుకెళ్లి, జీపీఎస్ దొరికేదాకా ఆగి, మళ్లీ చేశాను. ఈసారి 'ఆర్‌టీఎల్' అని పడింది, అంటే ఎగిరిన చోటికి తిరిగి రావడం. ఆ మూడక్షరాలు చూసి ఒక్కణ్నే చప్పట్లు కొట్టానురా.

ఇంకోటి బాగా గుర్తుపెట్టుకో. సిగ్నల్ తిరిగొచ్చినా కంట్రోల్ దానంతటదే మన చేతికి రాదు. మోడ్ స్విచ్‌ని వేరే మోడ్‌కి జరిపితేనే వస్తుంది. ఇది తెలియకపోతే గాల్లో ఉన్నప్పుడు స్టిక్కులు ఎంత తిప్పినా వాడు వినడం లేదని కంగారు పడిపోతాం.

తిరిగొచ్చే ఎత్తు 15 మీటర్లే ఉంది, మనం ఎగరేసే చోట చెట్లు అంతకంటే ఎత్తు. 30 చేశాను. మన వెర్షన్‌లో సెంటీమీటర్లలో అడుగుతుంది, 3000 అని కొట్టాలి, 30 కొట్టేవు! బ్యాటరీ హెచ్చరిక కూడా 10.5 వోల్టుల దగ్గరే ఉంది. అది మూడు సెల్స్‌కి సరిపోయే అంకె, సెల్‌కి 3.5 చొప్పున. మనది నాలుగు సెల్స్ కదా. 10.5కి దిగేసరికి సెల్‌కి 2.6 మిగులుతుంది, అంటే వాడు ఇంటికి రావాలనుకునేలోపే బ్యాటరీ చచ్చిపోతుంది. 14కి మార్చి, యాక్షన్ ఆర్‌టీఎల్ పెట్టాను. వోల్టేజ్ వరుసగా 10 సెకన్లు తక్కువుంటేనే పనిచేస్తుంది కాబట్టి, థ్రాటిల్ ఒక్కసారిగా లాగినప్పుడు కాస్త పడినా భయం లేదు.

శీనూ, ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే నీ డ్రోన్ చిన్నోడిలో ఉన్నదీ ఇదే రిసీవర్. రెండూ కలిపే కొన్నాం కదరా. ఆదివారం వాణ్ని ఎగరేస్తానన్నావు. దయచేసి ముందు రెక్కలు విప్పి, స్టిక్ సగానికి ఎత్తి, ట్రాన్స్‌మిటర్ ఆపి ఆ అంకె చూడు. కదలకపోతే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే. ఈ ఉత్తరం ఈపూటే పోస్టులో పడాలి, డబ్బా తెరిచే టైమైపోతోంది, పరిగెత్తాలి

నీ
మూర్తి