సీటు కనబడ్డాకే మైళ్లు కొను

జడ్చర్ల
ఆదివారం పొద్దున

దోస్త్,

నీ మెసేజ్ శుక్రవారమే చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని జవాబు ఆపాను. యార్డులో ఇప్పుడు సరుకు లేదు. యాసంగి పల్లికాయ దిగేదాకా బాదేపల్లి మార్కెట్‌లో పెద్దగా పని ఉండదు. బయట ముసురు పట్టింది. చాయ్ పక్కన పెట్టుకొని తీరిగ్గా రాస్తున్నా.

కల్వకుర్తి బస్సులో కిటికీ సీటు కోసం ఏడ్చిన మీ పిల్ల తల్లి కాబోతోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను రా. ఫిబ్రవరికి పురుడు అన్నావు కాబట్టి మీరిద్దరూ జనవరిలో న్యూజెర్సీలో ఆమె దగ్గర ఉండాలి. నీ భార్య, మా చెల్లెకు నడుము ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. ఢిల్లీ నుంచి అక్కడి నెవార్క్ దాకా ఒక్క విమానంలోనే పదిహేను, పదహారు గంటలు కూర్చోవాలి. ఆమెను బిజినెస్ క్లాస్‌లో, మంచంలా పరుచుకునే సీటులో పడుకోబెట్టి తీసుకెళ్లాలన్న నీ ఆలోచన నూటికి నూరు పాళ్లు మంచిది. ఆ విషయంలో రెండో మాట లేదు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తా. మైళ్లంటే విమాన కంపెనీ ఖాతాలో రాసే పాయింట్లు, పైసల బదులు వాటితో టికెట్ తీసుకోవచ్చు. "మైళ్లు అమ్ముతున్నారు, ఎన్ని కొంటే అన్ని బోనస్ అట, బుధవారం రాత్రితో ఆఫర్ అయిపోతుంది, లక్ష మైళ్లు కొనేయనా?" అన్నావు. కొనకు. బుధవారం పోనీ. ఆ ఆఫర్ మళ్లీ వస్తుంది, ఏడాదిలో ఎన్నోసార్లు వస్తూనే ఉంటుంది. కొనే రోజు ఎప్పుడో నేను చెప్తా.

నేనొకసారి అట్లాగే తొందరపడ్డాను. కరోనా తర్వాత ఏడాది, ఒక విదేశీ విమాన కంపెనీ బోనస్ ఆఫర్ పెట్టింది. సీట్లు ఉన్నాయో లేవో చూడకుండా డెబ్బై అయిదు వేల మైళ్లు కొని పెట్టుకున్నా. అప్పటికి వాళ్ల పట్టికలో మనకు కావలసిన ప్రయాణానికి సరిగ్గా అంతే పడుతుంది. నేను తేదీలు చూసుకునేలోపు ఒకరోజు పొద్దున లేచేసరికి అదే సీటు తొంభై వేలు దాటింది. ముందస్తు మాట ఒక్కటి లేదు. మైళ్లు వెనక్కి తీసుకొని పైసలు ఇమ్మంటే ఇవ్వరు, ఒకసారి కొన్నాక అంతే సంగతి. నాకు ఎంత మండిందో మా ఇంట్లో అడుగు. మైలు అనేది గోదాములో పెట్టిన పల్లికాయ లాంటిది. పెట్టిన రోజు నుంచి తరుగు మొదలు. పల్లికాయకైనా ధర పెరుగుతుందన్న ఆశ ఉంటుంది, మైలుకు అదీ లేదు. కొనేవాడు ఖాయమైతేనే కదా మనం సరుకు పట్టేది. ఇక్కడా అంతే, సీటు కంటికి కనబడ్డాకే మైళ్లు కొనాలి.

అసలు ఇది ఎట్లా నడుస్తుందో ఒకసారి చెప్తా, అప్పుడు నీకే అర్థమవుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో ఈ పద్ధతి తెచ్చింది. మా విమానమే ఎక్కుతూ ఉండండి, ఎన్ని మైళ్లు తిరిగితే అన్ని మీ ఖాతాలో రాస్తాం, కొన్ని కూడాక ఒక టికెట్ ఊరికే ఇస్తాం అన్నది. తర్వాత తర్వాత తిరగకపోయినా మైళ్లు దొరకడం మొదలైంది. బ్యాంకు కార్డు పాయింట్లను మైళ్లుగా మార్చుకోవచ్చు, నేరుగా పైసలు పెట్టి కొనుక్కోవచ్చు. కంపెనీకి ఇది మంచి వ్యాపారం. అందుకే ఆఫర్లు ఆగవు.

అన్నిటికన్నా తెలుసుకోవలసింది ఏమిటంటే, ఒక కంపెనీ మైళ్లతో ఇంకో కంపెనీ విమానం ఎక్కవచ్చు. మన యార్డులో ఒక అడ్తి రాసిచ్చిన చిట్టీ పట్టుకుపోతే పక్క అడ్తిలో సరుకు ఇచ్చినట్టు. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన కంపెనీల జట్టులో ఉంది. యునైటెడ్, ఎయిర్ కెనడా, సింగపూర్, లుఫ్తాన్సా అన్నీ అందులోవే. ఎయిర్ కెనడా మైళ్ల పథకం పేరు ఏరోప్లాన్. అంటే ఆ ఏరోప్లాన్ పాయింట్లతో హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా నెవార్క్‌కు ఎయిర్ ఇండియా బిజినెస్ క్లాస్ తీసుకోవచ్చు. యునైటెడ్ మైళ్లతోనూ తీసుకోవచ్చు. ఖతార్ ఎయిర్‌వేస్ వేరే జట్టు, వన్‌వరల్డ్. వాళ్ల మైళ్లను 2022 నుంచి ఏవియోస్ అంటున్నారు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైళ్ల పేరు కూడా అదే. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ జట్టులోనూ లేవు, ఎవరి భాగస్వాములు వాళ్లకున్నారు. ఎతిహాద్‌లో ఒక సుఖం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ అబూధాబిలోనే అయిపోతుంది, అక్కడ దిగాక మళ్లీ లైన్లో నిలబడక్కర్లేదు. చెల్లెకు అది కూడా లెక్కలోకి తీసుకో.

అయితే ప్రతి విమానంలో మైళ్లవాళ్లకు ఇచ్చే సీట్లు కొన్నే. పైసలకు అమ్ముడుపోవు అనుకున్నవి మాత్రమే వదులుతారు. ఎక్కువగా రెండు సమయాల్లో కనబడతాయి. ఒకటి, ప్రయాణానికి పదకొండు నెలల ముందు టికెట్లు తెరిచినప్పుడు. ఇంకోటి, చివరి రెండు వారాల్లో మిగిలిపోయినవి. నువ్వు ఈ రెండింటికీ మధ్యలో ఉన్నావు కాబట్టి రోజూ చూస్తూ ఉండాలి. ఖాతా తెరవడానికి పైసా పట్టదు. ఏరోప్లాన్‌లో ఒకటి, యునైటెడ్‌లో ఒకటి ఈరోజే తెరిచిపెట్టు. కొన్నిచోట్ల కొత్త ఖాతావాళ్లను కొన్నాళ్లదాకా మైళ్లు కొననివ్వరు. సీటు దొరికిన రోజున అట్లాంటి అడ్డం వస్తే ఏడుపే.

సీటు కనబడగానే కూడా డబ్బు కట్టకు. ఒక్కోసారి తెరమీద ఉన్నట్టు చూపిస్తుంది, తీరా బుక్ చేయబోతే ఉండదు. ఒకే విమానాన్ని రెండు కంపెనీల సైట్లలో చూడు. రెండింటిలోనూ కనబడితే, ఎవరి మైళ్లు కొనబోతున్నావో ఆ కంపెనీకి ఫోన్ చేసి, ఫలానా తేదీ, ఫలానా విమానం నంబర్ సీటు మీకు కనబడుతోందా అని అడుగు. అవునన్నాకే కొను. కొన్న మైళ్లు చాలాసార్లు నిమిషాల్లో ఖాతాలో పడతాయి, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు టెన్షనే, ముందే చెప్తున్నా.

లెక్క కాగితం మీద వెయ్యి. ఊరికే అంకెల కోసం అనుకో, ఒకవైపు సీటుకు 90,000 మైళ్లు, ఆఫర్‌లో మైలు ఒకటిన్నర సెంటు. 1,350 డాలర్లు అయింది. డాలర్ 88 అనుకుంటే 1,18,800 రూపాయలు. మన కార్డులు చాలావాటికి విదేశీ కరెన్సీ మీద మూడున్నర శాతం పడుతుంది, అది 4,158. దానిమీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 748. మొత్తం 1,23,706. పన్నులు వేరే, అవి పైసల్లోనే కట్టాలి. ఈ పన్నుల దగ్గర జాగ్రత్త. కొన్ని కంపెనీలు ఇంధనం సర్‌చార్జి అని పెద్ద మొత్తం కలుపుతాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఏవియోస్‌తో తీసుకుంటే అది బరువుగానే ఉంటుంది. ఏరోప్లాన్, యునైటెడ్ ఆ సర్‌చార్జి వెయ్యవు. అందుకే ఆ రెండూ ముందు చూడమన్నా.

వచ్చిన మొత్తాన్ని దేనితో పోలుస్తావన్నది అసలు కిటుకు. "ఈ టికెట్ మూడు లక్షలది, నాకు సగానికి వచ్చింది" అని ఆఫర్ కాగితం చెప్తుంది. నువ్వు మూడు లక్షలు పెట్టి కొనేవాడివా? కాదు కదా. మామూలు టికెట్‌తో పోల్చు. చెల్లె నడుము కోసం పైన ఎంత పెడుతున్నావో అప్పుడు తెలుస్తుంది. ఆ తేడా నీకు సమ్మతమైతే ముందుకు పో. కొన్నిసార్లు ఆఫర్ సీజన్లో పైసలకే బిజినెస్ టికెట్ దగ్గరదగ్గర ధరకు దొరుకుతుంది, దాన్నీ ఒక కంట చూస్తుండు.

నీ బ్యాంకు కార్డులో పాయింట్లు ఎన్ని ఉన్నాయో రాయలేదు. అవి ముందు వాడాలి. పాయింట్లు మార్చగా తక్కువపడ్డవి మాత్రమే కొనడం అన్నిటికన్నా లాభం. మా అమ్మ టికెట్‌కు నేను చేసింది అదే. అయితే పాయింట్లు ఒకసారి మైళ్లు అయ్యాక మళ్లీ పాయింట్లు కావు, ఆ మీట కూడా సీటు చూశాకే నొక్కాలి.

మా అమ్మ మాట వచ్చింది కాబట్టి చెప్తా. వయసులో ఉన్నప్పుడు శ్రీశైలం ప్రాజెక్టు పనుల్లో తట్టలు మోసిన మనిషి అని నీకు తెలుసు. మోకాళ్లు అక్కడే అరిగాయి. రెండేళ్ల కింద తమ్ముడి దగ్గరికి షికాగో తీసుకెళ్లేటప్పుడు ఆమెకు ఒక్కదానికే బిజినెస్ సీటు దొరికింది, నేను వెనక మామూలు సీటులో కూర్చున్నా. దీపాలు తగ్గించాక ఒకసారి చూసి రమ్మని అడిగితే లోపలికి పంపారు. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకొని, చెప్పులు విడిచి సీటు కింద వరసగా పెట్టింది. పడుకున్న మనిషి బొమ్మ ఉన్న మీట నొక్కి నేను వేలు తీయలేదు. వెనక్కి వాలుతూ, కాళ్ల కిందిది పైకి లేస్తూ, చివరికి పరుపు సమానంగా అయింది. అమ్మ అరచేత్తో ఒకసారి దాన్ని తడిమింది. మోకాళ్లు మెల్లగా చాచింది. "నులక మంచం లెక్కనే ఉంది బిడ్డా" అని దుప్పటి మొహం మీదికి లాక్కొని అటు తిరిగి పడుకుంది. తొమ్మిది గంటలు నిద్రపోయింది రా. ఇంట్లో కూడా ఆమె అంతసేపు పడుకోవడం నేను చూడలేదు. నేను నా సీటులోకి వచ్చి కూర్చున్నాక చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నా.

అందుకే నీకూ చెప్తున్నా, ఇద్దరికీ కలిపి దొరకాలని పట్టుబట్టకు. ఒకే విమానంలో రెండు సీట్లు ప్రతిసారీ వదలరు. చెల్లెకు ఒకటి దొరికితే తీసేసుకో, నువ్వు వెనక కూర్చో. వీల్‌చైర్ టికెట్ తీసుకునేటప్పుడే రాయించు, దానికి డబ్బు పట్టదు. తిండి సంగతి కూడా అప్పుడే చెప్పు. చెల్లె శాకాహారం కదా, "హిందూ మీల్" అని రాయించావనుకో, అందులో మాంసం రావచ్చు. "ఏషియన్ వెజిటేరియన్" అని రాయించాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ముక్క కూడా అదే టికెట్‌లో ఉండేట్టు చూడు. వేరుగా కొంటే మొదటి విమానం లేటైన రోజు రెండోదాని బాధ్యత ఎవరిదీ కాదు. ఒకే టికెట్ అయితే సకినాలు, కారప్పొడి, బాలింత కాయం ఉన్న పెట్టెలన్నీ ఒక్కసారే అమెరికాలో తీసుకునేట్టు రాస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. నల్లగొండలో ఎవరో బిజినెస్ టికెట్లు సగం ధరకు ఇస్తున్నారని, మైళ్ల మీదనే చేస్తారని రాశావు. వాళ్ల జోలికి పోకు. అవి వేరే ఎవరి ఖాతాలోవో మైళ్లు. మైళ్లు అట్లా అమ్ముకోవడం కంపెనీల నిబంధనలకు విరుద్ధం, పట్టుకుంటే టికెట్ రద్దు చేస్తారు. పోయేటప్పుడు సరిగా ఎక్కి, వచ్చేటప్పుడు న్యూజెర్సీలో టికెట్ లేకుండా నిలబడితే ఎవరిని అడుగుతావు? కంపెనీ సైట్‌లో నీ ఖాతాలోకి నువ్వే కొనాలి.

వీసా సంగతి ఏమైంది? నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ తేదీ దొరికిందా? పాస్‌పోర్టు మీద స్టాంపు పడేదాకా మైళ్లు కొనకు. టికెట్ రద్దు చేసుకుంటే మైళ్లు ఖాతాలోకి వస్తాయి, కొందరు రుసుము పట్టుకుంటారు, కానీ నీ పైసలు మైళ్లలోనే ఇరుక్కుంటాయి. వాటికీ గడువులున్నాయి. యునైటెడ్ మైళ్లకు గడువు లేదు కానీ సింగపూర్ వాళ్లవి మూడేళ్లకు పోతాయి.

ముందు చెల్లె పాస్‌పోర్టు మొదటి పేజీ చూసి, ఇంటిపేరు ఎక్కడ ఉందో, పేరు ఎట్లా రాసి ఉందో అక్షరం తేడా లేకుండా రాసిపెట్టుకో, టికెట్‌లో అదే పెట్టాలి. మా అమ్మ దగ్గర ఈ ఒక్కదానికే వారం పోయింది. జనవరి 5 నుంచి 20 మధ్యలో మీకు ఏ రోజులు పనికిరావో రాసి పంపు. మంగళవారం ప్రయాణం వద్దంటుంది కదా చెల్లె, అవి తీసేస్తా. శనివారం దుకాణం తొందరగా కట్టేస్తున్నా. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి, ఇద్దరం చెరో తెర ముందు కూర్చొని ఒక్కో తేదీ వెతుకుదాం.

నీ దోస్త్