పెద్దవాళ్ళ ఫోటో పగటి వెలుగులో తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి దగ్గరే ఉండి సంపాదించుకునే ఆడవాళ్ళ గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన కథనం చదివాను. టైలరింగ్, పచ్చళ్ళు, బ్యూటీపార్లర్, ట్యూషన్లు అన్నీ ఉన్నాయి. మా పని మాత్రం లేదు. నేను మనుషుల ముఖాలు గీస్తాను. నెల్లూరు రంగనాయకులపేటలో మా ఇంటి వరండానే నా ఆఫీసు. పెళ్ళికి ముందు డ్రాయింగ్ లోయరూ హయ్యరూ పాసై, పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ పెన్సిల్ పట్టుకున్నదాన్ని. కథనంలో మమ్మల్ని వదిలేశారని కోపమేం లేదు గానీ, ఆ వంకతో మీ పాఠకులకు ఒక మాట చెప్పుకుంటాను. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో ఒకటి, వాళ్ళు ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే, సరిగ్గా తీసిపెట్టుకోండి.

పోయినవాళ్ళ బొమ్మ గీయమని నా దగ్గరికి ఎలాంటి ఫోటోలు వస్తాయో మీరు చూడాలి. ఆధార్ కార్డు జిరాక్సు, అందులో ముఖం ఉండాల్సిన చోట నల్ల మచ్చ. బ్యాంకు సీలు సగం నుదుటి మీద పడిన పాస్‌బుక్కు ఫోటో. పెళ్ళి గ్రూప్ ఫోటోలో వెనక వరసలో, ఎవరి భుజం మీదుగానో ఒక కన్ను మాత్రం కనిపించే పెద్దాయన. "ఇదొక్కటే ఉందమ్మా, దీంట్లోంచే తియ్యండి" అంటారు. పాస్‌పోర్టు ఫోటో వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు. దాని మీద గళ్ళు గీసుకుని ఏ3 కాగితం మీదికి పెంచుకుంటూ పోతే, ముక్కు పక్కన నీడ అనుకున్నది కాస్తా మరక అని తేలుతుంది. చెవులైతే సగం ఫోటోల్లో ఉండనే ఉండవు. "మీ నాయన చెవులు ఎట్లా ఉండేవి?" అని అడిగితే పుట్టినప్పటి నుంచీ చూసిన కొడుకు కూడా తెల్లమొహం వేస్తాడు. అప్పుడు ఆయన తమ్ముణ్ణో అక్కనో ఒకసారి పంపించమంటాను. చెవులు చాలావరకు వంశంలోనే దొరుకుతాయి.

ఇప్పుడు కొత్తగా ఏఐ యాప్‌లో వేసి మెరిపించిన ఫోటోలు వస్తున్నాయి. ఆ యాప్‌కి మీ జేజి తెలియదు గదా! ఊడిపోయిన పళ్ళు పెడుతుంది, గడ్డం మీది పచ్చబొట్టును మచ్చ అనుకుని తుడిచేస్తుంది. అలాంటిది తెచ్చినా పర్వాలేదు, పక్కన అసలు ఫోటో కూడా తెమ్మంటాను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బొట్టు విషయం. భర్త పోయాక చాలా ఏళ్ళు బతికిన తల్లి ఫోటో తెస్తారు. కూతురేమో "అమ్మకు కాసంత బొట్టు పెట్టండక్కా, నాయన ఉన్నప్పటి మాదిరి" అంటుంది. కొడుకు ఫోన్ చేసి "ఉన్నది ఉన్నట్టే గీయండి మేడమ్, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అంటాడు. డబ్బులిచ్చేది కొడుకే అయినా నా ఓటు ఎప్పుడూ కూతురికే. కాకపోతే బొట్టు ఒక్కటీ పెడితే చాలదు. డెబ్భై ఏళ్ళ ముఖం మీద ముప్ఫై ఏళ్ళనాటి బొట్టు అతికించినట్టుంటుంది. ముక్కుపుడక, కమ్మలు, పాపిట తీసిన తీరు అన్నీ ఆ కాలానివే కావాలి. వాటికి ఇంకో ఫోటో కావాలి. అది ఉండదు.

అన్నీ కష్టాలే అనుకోకండి. నెల్లూరు ఎండలు నాకు ఇష్టం, చెబితే ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఉత్తరం కిటికీలోంచి ఒకే తీరుగా వెలుగు వస్తుంది. కాగితం పొడిగా గలగలమంటుంది, చార్‌కోల్ (బొమ్మలు గీసే బొగ్గు) చక్కగా పడుతుంది. చెమట అంటకుండా అరచేతి కింద తెల్లకాగితం ముక్క వేసుకుంటే చాలు. మామిడికాయ ముక్కలేసి కొర్రమీను పులుసు పెట్టిన రోజు మాత్రం బొమ్మ జోలికి పోను. వేళ్ళకు నూనె జిడ్డు ఉండిపోయి కాగితానికి అంటితే, ఆ చోట చార్‌కోల్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. చేపల పులుసు మర్నాడే రుచి కాబట్టి నాకు సెలవు రెండు రోజులు.

మొహర్రం వచ్చిందంటే బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె అంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం ఇచ్చిపుచ్చుకుంటారు. చిన్న స్కెచ్‌బుక్ తీసుకుని నేను ముఖాలు చూడ్డానికి పోతాను. కోరిక తీరి ఈ ఏడు రొట్టె ఇవ్వడానికి వచ్చినవాళ్ళ ముఖం, పుచ్చుకునేవాళ్ళ ముఖం పక్కపక్కనే దొరికే చోటు నాకు ఇంకోటి తెలియదు.

అసలు పరీక్ష అక్టోబరు నుంచి. రాష్ట్రంలో మిగతా చోట్ల వానలు తగ్గే వేళకు మాకు మొదలవుతాయి. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టుకునే ఇళ్ళవాళ్ళు అందరూ ఫోటో ముందు పెట్టుకోవాలని అప్పుడే ఆర్డర్లు ఇస్తారు. గాలిలో తేమకు కాగితం అలలు తిరుగుతుంది, ఆయిల్ పెయింట్ ఆరదు, ఫ్రేమ్ అద్దం లోపల బూజు పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వీధిలో అందరి దగ్గరా అడిగి దాచుకుంటాను. 2021 నవంబరులో పెన్న పొంగి ఒడ్డున కాలనీల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఎంతమందో తడిసిన ఫ్రేములు పట్టుకొచ్చారు. ఫోటో అద్దానికి అతుక్కుపోతే దయచేసి లాగకండి. స్టూడియోలో కడిగిన పాత ఫోటోల మీద ఉండే జెలటిన్ పొర తడికి మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. లాగితే ముఖం అద్దంతోనే పోతుంది. అద్దంతో సహా తెస్తే, పైనుంచే ఫోటో తీసుకుని గీయొచ్చు.

సంక్రాంతి దాటాక నాకు విశ్రాంతి. సూళ్ళూరుపేట వైపు పోయి పులికాట్‌లో రాజహంసలనూ (ఫ్లెమింగోలు), నేలపట్టులో గూడబాతులనూ (పెలికాన్లు) చూసి వస్తాం. అందరూ రాజహంసలను పొగుడుతారు గానీ, పోర్ట్రెయిట్‌కు పనికొచ్చే ముఖం గూడబాతుదే.

ఇక ఫోటో సంగతి. స్టూడియోకు పోనక్కర్లేదు, మీ ఫోన్ చాలు. పొద్దున పూట పెద్దాయన్ని గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట, వెలుగు ఒక పక్క నుంచి వచ్చేట్టు కూర్చోబెట్టండి. ఫ్లాష్ వద్దు, అది నీడలన్నీ తినేసి ముఖాన్ని చపాతీ చేస్తుంది. ముఖంలో ముఖం పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, ఐదారు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి. ముడతలు పోగొట్టే బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. ఒకటి ఎదురుగా, ఇంకోటి కొంచెం పక్కకు తిప్పి, చెవి కనిపించేట్టు. కళ్ళద్దాలు రోజూ పెట్టుకునే మనిషైతే పెట్టుకునే తీయండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు. "ఇప్పుడెందుకురా నాకు ఫోటో" అని వాళ్ళు విసుక్కుంటారు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టి, దానికి తీస్తున్నామని చెప్పండి.

సంక్రాంతికి బొమ్మ కావాలనుకునేవాళ్ళు, మా వీధివాళ్ళతో సహా, కార్తీకం దాటకముందే ఫోటో తేవాలి. భోగి ముందు రోజు వచ్చి బతిమాలితే నా వల్ల కాదు. ఆ రోజు నేను అరిసెల పాకం దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక చిత్రకారిణి,
రంగనాయకులపేట, నెల్లూరు