లీలామహల్ సర్కిల్ దగ్గరి మిక్సీ రిపేరు అన్నకు

అన్నా, మా చిన్నాయన ఆపరేషనై ఇంటికొచ్చినాక అడిగింది ఒక్కటే: అటక మీది రిమోట్ బండి ఒకసారి తిరగాల. సింగపూర్‌లో పనిచేసేటప్పుడు కొనుక్కున్న తమియా క్లాడ్ బస్టర్ అది. 1987లో వచ్చిన మోడల్. ముందు ఇరుసుకొక మోటారు, వెనకదానికొకటి. నాలుగు చక్రాలూ లాగుతాయి, మలుపులో నాలుగూ పక్కకు తిరుగుతాయి. ఆ లావు టైర్ల అందం ఇప్పటి బండ్లలో నాకు కనపడదు.

కొత్త బ్యాటరీ పెట్టినా కదల్లేదు. రిపేరుకు అడిగిన చోటల్లా బొమ్మల అంగట్లో చూడమన్నారు.

మీరు మాత్రం చేతిలో ఉన్న మిక్సీని పక్కనపెట్టి, బండిని గుడ్డ పరిచి దానిమీద పెట్టినారు. స్పీడ్ కంట్రోలర్ విప్పి, మసిబారిన రాగి కాంటాక్టులను ఎమరీ పేపరుతో మెల్లగా రుద్దినారు. ముందు మోటారుకు ఊడిన వైరు టంకం పెట్టినారు. విప్పిన ప్రతి స్క్రూనూ, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా, కాగితం మీద వరసగా పెట్టడం చూసి నా కళ్లు చెమర్చినాయి. ఇంట్లోవాళ్లం కూడా దాన్నంత పదిలంగా పట్టుకోలేదు.

డబ్బులిస్తే తోసేసి, "పో నైనా, ముందు ఆయనకు చూపించు" అన్నారు.

మిద్దె మీద చిన్నాయనే రిమోట్ పట్టుకుని తిప్పినాడు. మీ మేలు మరువలేనన్నా. ఆయన నడవగలిగినాక బండితో సహా మీ అంగడికి పిలుచుకొస్తా.